పాపను చూసుకునే ఆయమ్మ జీతానికి ప్రభుత్వం నుంచి సాయం ఏమైనా దొరుకుతుందా? (పర్లాకిమిడి)

పర్లాకిమిడి ల్యాబ్ అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో పర్లాకిమిడి. ఇక్కడే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. మా ఆయన టెక్కలి వైపు ఒక గ్రానైట్ యూనిట్‌లో సూపర్‌వైజర్. పొద్దున్నే బస్సెక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే ఇంటికి రావడం. పాపకు ఎనిమిదో నెల. ఈఎస్ఐ కింద 26 వారాల సెలవు ఇచ్చారు, అది పూర్తయి నేను డ్యూటీలో చేరాను.

పాపను చూసుకోడానికి కాశీనగర్ వైపు నుంచి ఒకావిడ వస్తోంది. నెలకు 7,000 ఇస్తున్నాం. రానూపోనూ ఆటో ఖర్చు ఇంకో 1,200. నాకు చేతికొచ్చేది 19,000. ఇంటద్దె, పాప డబ్బా పాలు, మావయ్యగారి మందులు పోగా నెలాఖరుకు మిగిలేది ఏమీ లేదు.

ఆవిడ ఎక్కువ అడుగుతోందని నేను అనడం లేదు. పొద్దున ఏడున్నరకు వచ్చి సాయంత్రం ఐదింటి దాకా ఉంటుంది. పసిపిల్లని అంతసేపు కనిపెట్టుకుని ఉండటానికి ఆ డబ్బు తక్కువే. ఆవిడకూ నాలుగేళ్ళ కొడుకున్నాడు. వాణ్ణి అత్తగారి దగ్గర వదిలి మా ఇంటికి వస్తుంది. నైట్ డ్యూటీ చేసి ఇంట్లో ఉన్న ఒక మధ్యాహ్నం చూశాను. పాప పడుకోగానే వంటింట్లోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, కొడుక్కి ఫోన్ చేసి "అన్నం తిన్నావా, ఏం కూర" అని మెల్లగా అడుగుతోంది. అలాంటి మనిషి దగ్గర బేరం ఆడటానికి నాకు మనసొప్పదు.

అత్తగారో అమ్మో చూసుకోరా అని అడుగుతారు కాబట్టి అదీ చెప్తాను. అత్తగారు పాతపట్నంలో ఉంటారు. మావయ్యగారికి పక్షవాతం, ఆవిడ ఒక్క పూట కూడా కదలలేరు. మా అమ్మ గుణుపురంలో టిఫిన్ బండి నడుపుతూ తమ్ముణ్ణి చదివిస్తోంది.

నేను అడిగేది ఇది. ఉద్యోగం చేసే తల్లికి పిల్లని చూసుకునే మనిషి జీతంలో కొంతైనా ప్రభుత్వం ఇచ్చే పథకం ఉందా? మా వీధి అంగన్‌వాడీ దీదీని అడిగితే మూడేళ్ళు నిండాక తీసుకురమ్మంది. సుభద్రకు (ఆడవాళ్ళకు ఒడిశా ప్రభుత్వం డబ్బిచ్చే పథకం) పెడదామంటే మాకు రేషన్ కార్డు లేదు, ఇద్దరి జీతాలూ కలిపితే ఏడాదికి రెండున్నర లక్షలు దాటిపోతాం. మా ఆయన ఆధార్ ఆంధ్రా అడ్రస్ మీద ఉంది కదా అని అటు కూడా అడిగించాను. తల్లికి వందనం బడికెళ్ళే పిల్లలకే అన్నారు. పాప పుట్టింది కూడా శ్రీకాకుళంలోనే. ఇటు పేదవాళ్ళ లెక్కలోకి రాం, అటు గవర్నమెంటు ఉద్యోగులమూ కాం.

"ఆ మిగిలే నాలుగు రూపాయల కోసం ఎందుకమ్మా, మానెయ్" అని మాత్రం దయచేసి రాయకండి. ఆ మాట రోజూ వింటూనే ఉన్నాను. నాకు ఈ పని ఇష్టం. వానాకాలంలో కొండ ఊళ్ళ నుంచి జ్వరంతో పిల్లల్ని తెస్తారు. స్లైడ్ మీద ఎర్ర కణం లోపల సన్నటి ఉంగరంలా కనబడేది పట్టుకుని నేను రిపోర్ట్ ఇస్తే, అప్పుడు వార్డులో ఆ పిల్లాడికి మలేరియా మందు మొదలవుతుంది. ఇది చదువుకోడానికి మా అమ్మ ఎంత కష్టపడిందో నాకు తెలుసు. రెండేళ్ళు మానేస్తే చెయ్యి తిరగడం పోతుంది, మళ్ళీ ఎవరూ పిలవరు.

తెలిసినవాళ్ళు చెప్పండి.

రాయగడ పెద్దమ్మ:

తల్లీ, నేను అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాను. తెలిసింది తెలిసినట్టు చెప్తాను.

ఆయమ్మ జీతం అని చెప్పి నీ ఖాతాలో డబ్బు వేసే పథకం లేదు. ఒడిశాలో లేదు, కేంద్రంలోనూ లేదు. ఆ ఆశ పెట్టుకుని తిరగకు. కానీ పిల్లని ఉంచే చోటు ఇచ్చే పథకం ఉంది. దాని పేరు పాల్నా. క్రెచ్ అంటే పసిపిల్లల్ని పగలంతా చూసుకునే చోటు. పాత జాతీయ క్రెచ్ పథకాన్నే 2022లో మార్చి ఈ పేరు పెట్టారు. 6 నెలలు నిండిన బిడ్డ నుంచి 6 ఏళ్ళ వరకు తీసుకుంటారు. నీ పాపకు వయసు సరిపోయింది. మీ దీదీ మూడేళ్ళు అన్నది మామూలు అంగన్‌వాడీలో కూర్చోబెట్టి ఆడించే పిల్లల సంగతి. ఆవిడ చెప్పింది ఆవిడ సెంటర్ వరకు నిజమే.

పాల్నా కింద కొన్ని అంగన్‌వాడీల్లోనే క్రెచ్ కూడా నడుపుతారు. ఒక క్రెచ్ వర్కర్, ఒక హెల్పర్ విడిగా ఉంటారు. ఒక సెంటర్‌లో 25 మంది పిల్లల దాకా. రోజుకు ఏడున్నర గంటలు, నెలకు 26 రోజులు. తిండి, పడుకోడానికి చోటు, బరువు చూడటం, టీకాలు అన్నీ అక్కడే. ముఖ్యమైన మాట ఏమిటంటే, తల్లి ఉద్యోగం చేస్తుందా లేదా, జీతం ఎంత అన్నది చూడరు. నీకు సుభద్రలో అడ్డం వచ్చిన ఆదాయం లెక్క ఇక్కడ రాదు.

ఇక కష్టం సంగతి. దేశం మొత్తంలో అంగన్‌వాడీలు దాదాపు 14 లక్షలు. పాల్నా కింద కొత్తగా తెరవాలనుకున్న సెంటర్లు 17,000. కాబట్టి మీ వీధిలో ఉండే అవకాశం తక్కువ. వర్కర్‌కు 5,500, హెల్పర్‌కు 3,000 గౌరవ వేతనం. పాతిక మంది పసిపిల్లల్ని రోజంతా చూడమని ఆ డబ్బిస్తే మనుషులు ఎలా నిలుస్తారు? సర్వీసులో ఉండగా మీటింగుల్లో ఈ మాట నేను గట్టిగానే అన్నాను, ఇప్పుడూ అంటాను.

నువ్వు సీడీపీవో (మీ వైపు అంగన్‌వాడీల పై అధికారి) ఆఫీసుకు వెళ్ళు. "పాల్నా క్రెచ్" అనే అడుగు. మిషన్ శక్తి అనకు. కాగితాల్లో పాల్నా కేంద్రం వాళ్ళ మిషన్ శక్తి కిందే ఉంటుంది గానీ, మన ఒడిశాలో 2001 నుంచి మిషన్ శక్తి అంటే మహిళా సంఘాలు. ఆ మాట వినగానే నిన్ను సంఘాల ఆఫీసుకు పంపేస్తారు, పూటంతా అక్కడే పోతుంది. మీ టౌన్‌లో ఏ ఏ సెంటర్లకు క్రెచ్ మంజూరైంది, ఏవి నడుస్తున్నాయి అని రాతపూర్వకంగా అడుగు. నోటితో అడిగితే నోటితోనే పంపేస్తారు. పాప శ్రీకాకుళంలో పుట్టిందని భయపడకు. బిడ్డ ఇప్పుడు ఎక్కడ ఉంటే అక్కడి సెంటర్‌లో పేరు రాయాలి. అంగన్‌వాడీ పిల్లల పేర్లు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మార్చే వీలుంది.

ఇంకొకటి. మీ ఇంటికి వచ్చే ఆవిడ సుభద్రకు పెట్టుకుందో లేదో కనుక్కో. 21 నుంచి 60 ఏళ్ళ లోపు ఉండి, రేషన్ కార్డు ఉంటే ఆవిడకు ఏడాదికి 10,000 చొప్పున ఐదేళ్ళు వస్తుంది. రాఖీ పున్నమికి సగం, మార్చి 8కి సగం. ఈ-శ్రమ్ కార్డు (ఇళ్ళలో పనిచేసేవాళ్ళ లాంటి అసంఘటిత కార్మికులకు ఇచ్చేది) కూడా చేయించు, దానికి డబ్బు కట్టక్కర్లేదు. మీ ఇంట్లో పని చేస్తోంది కాబట్టి ఆ మాత్రం దగ్గరుండి చేయించాలి.

సునాబెడ హెచ్ఆర్:

చెల్లెమ్మా, పెద్దమ్మగారు ప్రభుత్వం వైపు చెప్పారు. నేను యజమాని వైపు చెప్తాను. మీ ఆస్పత్రిలో మొత్తం ఎంతమంది పని చేస్తారు? 50 మంది ఉంటే క్రెచ్ పెట్టాల్సిన బాధ్యత ఆస్పత్రిదే. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణలో ఇది వచ్చింది, కొత్త సామాజిక భద్రతా కోడ్‌లో 67వ సెక్షన్‌గా ఉంది. చాలామంది 50 మంది ఆడవాళ్ళు అనుకుంటారు. కాదు, ఆడా మగా కలిపి 50 మంది ఉద్యోగులు. ఈ ఒక్క పొరపాటు వల్ల ఎన్ని చోట్ల అడగాల్సినవాళ్ళు అడగకుండా ఊరుకుంటున్నారో!

క్రెచ్ ఆ బిల్డింగులోనే ఉండాలని లేదు. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో పని చేసే చోటికి 500 మీటర్ల లోపు అన్నారు. కోడ్ ప్రకారం పక్కనున్న సంస్థలతో కలిసి ఒకటే పెట్టుకోవచ్చు, మున్సిపాలిటీ క్రెచ్‌తోనో ప్రైవేటు క్రెచ్‌తోనో ఒప్పందం చేసుకోవచ్చు. మీది చిన్న టౌన్ కాబట్టి మీ మేనేజ్‌మెంట్‌కు ఇదే సులువు. "మాకు గది లేదు" అంటే ఈ మాట ముందు పెట్టండి.

తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసి రావచ్చు, విశ్రాంతి సమయం కూడా అందులోనే. అది కాక, బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వాలి. క్రెచ్ ఉన్నా లేకపోయినా ఇది మీ హక్కు. మీకు ఇస్తున్నారా?

ఇన్‌కమ్ ట్యాక్స్ గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు. ఆయమ్మ జీతం మీద ఏ మినహాయింపూ లేదు. పాత పద్ధతిలో రిటర్న్ వేసేవాళ్ళకు పిల్లల ట్యూషన్ ఫీజు మీద మినహాయింపు ఉంది. అందులో ప్లేస్కూలు, ప్రీ నర్సరీ ఫీజు వస్తుంది. ఇంటికొచ్చి చూసుకునే మనిషి జీతం రాదు. మీ జీతానికి ఎలాగూ పన్ను పడదు, ఇది మిగతావాళ్ళ కోసం రాశాను.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు మాత్రం పిల్లల సంరక్షణ సెలవు 730 రోజులు ఉంది. మొదటి 365 రోజులు పూర్తి జీతం, తర్వాతి 365కి 80 శాతం. మా చెల్లి రైల్వేలో ఉంది, పిల్లాడికి ఆపరేషన్ అయినప్పుడు అదే ఆదుకుంది. ప్రైవేటులో పనిచేసే తల్లికి అలాంటిది ఏదీ లేకపోవడం నాకు చాలా అన్యాయం అనిపిస్తుంది.

బరంపురం నుంచి రెడింగ్:

నేను పుట్టి పెరిగింది బరంపురం. ఇప్పుడు ఇంగ్లండులో నర్సుగా చేస్తున్నాను. మీరు అడిగినలాంటి సాయం ఇక్కడ ఉంది. అదెలా నడుస్తుందో తెలిస్తే మన దగ్గర ఏం అడగాలో కూడా తెలుస్తుందని రాస్తున్నాను.

మాకు శాశ్వత నివాసం వచ్చాక ట్యాక్స్ ఫ్రీ ఛైల్డ్‌కేర్ అనే ఖాతా తెరిచాం. మనం అందులో 8 పౌండ్లు వేస్తే ప్రభుత్వం 2 పౌండ్లు కలుపుతుంది. ఒక్కో బిడ్డకు మూడు నెలలకు 500 పౌండ్ల దాకా, ఏడాదికి 2,000 దాకా. తల్లీ తండ్రీ ఇద్దరూ పని చేస్తూ ఉండాలి, ఇద్దరిలో ఎవరి ఆదాయమూ లక్ష పౌండ్లు దాటకూడదు. ప్రతి మూడు నెలలకూ వివరాలు సరిగానే ఉన్నాయని మళ్ళీ చెప్పాలి.

ఆ డబ్బు నానీకి ఇవ్వొచ్చు, కానీ ఆవిడ ఆఫ్‌స్టెడ్‌లో (ఇక్కడ బడులను, పిల్లల సంరక్షణను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ) రిజిస్టరై ఉండాలి. అంటే పిల్లలకు ప్రథమ చికిత్స నేర్చుకుని, పోలీసు రికార్డు తనిఖీ, ఇన్సూరెన్సు అన్నీ చూపించాలి. మనం ఆవిడకు యజమాని అవుతాం కాబట్టి జీతంలో పన్ను పట్టి కట్టాలి, జీతంతో సెలవు ఇవ్వాలి. ఇది కాక 2025 సెప్టెంబరు నుంచి 9 నెలలు దాటిన పిల్లలకు ఏడాదిలో 38 వారాలు, వారానికి 30 గంటలు ఉచితం. అది నర్సరీల్లో, రిజిస్టరైన ఛైల్డ్‌మైండర్ల (తమ ఇంట్లోనే పిల్లల్ని చూసుకునేవాళ్ళ) దగ్గర.

ఇంత ఉన్నా ఇక్కడ పిల్లల ఖర్చు భారమే. నాకు నచ్చింది మాత్రం పిల్లని చూసుకునే మనిషికి ఒక గుర్తింపు ఉండటం. మీ ఇంటికొచ్చే ఆవిడ లాంటివాళ్ళకు మన దగ్గర ఆ మాత్రం శిక్షణ, ఒక కార్డు ఇస్తే, సాయం ఇవ్వడానికి కూడా ఒక దారి ఏర్పడుతుంది కదా అనిపిస్తుంది.

సిరొంచ వదిన:

మాది గడ్చిరోలి జిల్లా, గోదావరి ఒడ్డు. మహారాష్ట్రలో ఆడవాళ్ళకిచ్చే లాడ్కీ బహీణ్ పథకం కింద నెలకు 1,500 వస్తోంది. పిల్లల కోసమని ఇచ్చేది కాదు. అయినా నేను ఆ డబ్బు ముట్టుకోకుండా పక్కింటి పెద్దమ్మ చేతిలో పెడతాను, మా బాబును మధ్యాహ్నాలు ఆవిడే చూసుకుంటుంది. ఆవిడ ఆసరా లేకపోతే నాకు ఆశా వర్కర్ పని సాగదు. మీకు అదీ రాదంటే బాధగా ఉందమ్మా.

పర్లాకిమిడి ల్యాబ్ అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. ఇవాళ్టి దాకా ఒక్కరు కూడా ఇంత వివరంగా చెప్పలేదు.

అన్నయ్యా, మా ఆస్పత్రిలో రోల్‌లోనే అరవై మందికి పైగా ఉన్నారు. సెక్యూరిటీ, క్యాంటీన్ వాళ్ళు వేరే. క్రెచ్ అనే మాట ఎప్పుడూ వినలేదు. పాలిచ్చే విరామాలు కూడా నాకు ఇవ్వడం లేదు. మధ్యలో పాలు కట్టుకుపోయి నొప్పి వస్తే స్టోర్ గదిలోకి వెళ్ళి పిండి పారబోస్తున్నాను. ఇంట్లో పాప డబ్బా పాలు తాగుతుంటే ఇక్కడ నేను పారబోయడం... దీని గురించి మీరు చెప్పాక రాత్రి నిద్ర పట్టలేదు. ఇల్లు ఆస్పత్రికి దగ్గరే. ఆ రెండు విరామాలు ఇచ్చినా డబ్బా ఖర్చు సగం తగ్గుతుంది.

ఇవాళ టీ టైములో నర్సులతో మాట్లాడాను. రెండేళ్ళ లోపు పిల్లలున్నవాళ్ళు నాతో కలిపి ఐదుగురు. ఒకమ్మాయి పాపను మోహన దగ్గర పుట్టింట్లో వదిలేసి వారానికి ఒకసారి చూసొస్తుంది. అందరం కలిసి సంతకాలు చేసి ఇద్దామన్నారు. వాళ్ళకున్న భయం ఒక్కటే, అడిగితే డ్యూటీలు మార్చి ఏడిపిస్తారేమో అని. కంప్లైంట్ అనకుండా విన్నపంలా రాస్తే సరిపోతుందా?

పెద్దమ్మగారూ, పాల్నా దొరికినా ఏడున్నర గంటలే అన్నారు. నా డ్యూటీ ఎనిమిది నుంచి నాలుగు. ముందు వెనకా కలిపితే రెండు గంటలు తక్కువ పడుతుంది. ఆ రెండు గంటలకు ఆయమ్మనే అడిగాను. "అప్పుడు 3,000 ఇస్తే చాలు, నా కొడుకుతో ఉండొచ్చు" అంది. వాడిని కూడా ఆ క్రెచ్‌లోనే చేర్చే వీలుందా?

ఇంకో ఇబ్బంది భాష. నాకు ఒడియా మాట్లాడటం వచ్చు గానీ రాయడం రాదు. మా స్కూలు తెలుగు మీడియం. సీడీపీవో ఆఫీసులో కాగితం ఒడియాలోనే ఉండాలా?

సునాబెడ హెచ్ఆర్:

విన్నపం లాగే రాయండి. మొదటి కాగితంలో రెండే అడగండి: పాలిచ్చే విరామాలు వెంటనే, క్రెచ్ ఏర్పాటు ఎప్పటిలోగా చేస్తారో రాతపూర్వకంగా జవాబు. సెక్షన్ నంబరు కింద రాయండి, చదివేవాళ్ళకు అర్థమవుతుంది. ఐదుగురి సంతకాలూ గుండ్రంగా పెట్టండి, మొదటి పేరు ఎవరిదో తెలియకుండా. ఒక కాపీ మీద తేదీ వేయించి ముద్ర కొట్టించుకోండి. జవాబు రాకపోతే అప్పుడు జిల్లా లేబర్ ఆఫీసర్‌కు ఆ కాపీ జతచేసి పంపుదాం. ముసాయిదా నేను రాసి పెడతాను. ఆ పారబోసే సంగతి కూడా ఒక లైను రాయండి, సిగ్గుపడాల్సింది మీరు కాదు.

రాయగడ పెద్దమ్మ:

ఇంగ్లీషులో రాసినా తీసుకోవాలి. మా ఆఫీసుకు గుణుపురం, కాశీపూర్ వైపు నుంచి ఇంగ్లీషు కాగితాలు బోలెడు వచ్చేవి. అయినా ఒడియాలో ఉంటే అక్కడున్న క్లర్కు అప్పటికప్పుడు చదువుతాడు. నువ్వు తెలుగులో రాసి ఇక్కడ పెట్టు, రేపు సాయంత్రానికి నేను ఒడియాలో రాసి ఫొటో పెడతాను. దాన్ని చూసి ఎత్తి రాసుకో.

ఆవిడ కొడుకు నాలుగేళ్ళవాడు కాబట్టి వయసు సరిపోతుంది. కానీ రోజూ కాశీనగర్ వైపు నుంచి తీసుకురావాలంటే వాడికి ఆ ఆటో ప్రయాణం కష్టం. ముందు వాళ్ళ ఊరి అంగన్‌వాడీలో వాడు వెళ్తున్నాడా, వేడి అన్నం, గుడ్డు అందుతున్నాయా అడుగు. అందకపోతే ఆ ఊరి పేరు నాకు చెప్పు.

మీ టౌన్‌లో ఒక్క సెంటర్ కూడా మంజూరు కాలేదని జవాబొస్తే ఊరుకోకు. ఆ జవాబు కాగితం పట్టుకుని, ఈ ఐదుగురు తల్లుల పేర్లు, పిల్లల వయసులు రాసి, సోమవారం కలెక్టర్‌గారు ఫిర్యాదులు తీసుకునే జాయింట్ గ్రీవెన్స్‌లో ఇవ్వండి. ఫలానా చోట ఇంతమంది పిల్లలున్నారు అని లెక్క చూపిస్తే జిల్లా నుంచి పైకి అడగడానికి ఆధారం ఉంటుంది. వెళ్ళేటప్పుడు పాప టీకా కార్డు, నీ ఆధార్ రెండు జిరాక్సులు, ఇంటద్దె కాగితం ఉంటే అదీ పట్టుకెళ్ళు. ముద్ర వేయకుండా కాగితం మాత్రం వదిలి రాకు.